పది బర్రెల పేడ, నాలుగెకరాల పొలం: యూరియా బస్తాలు ఎంతవరకు తగ్గించవచ్చు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. మిర్యాలగూడ పక్కన పది బర్రెలు, నాలుగెకరాల పొలం. రెండెకరాల్లో వరి, ఎకరంలో మొక్కజొన్న, ఎకరంలో సూపర్ నేపియర్ పశుగ్రాసం, గట్టు పక్కన కాస్త కూరగాయల మడి. పోయిన ఏడాది ఆరు ట్రాలీల పేడ తోలితే కూరగాయల మడిలో కలుపు విరగబడి మొలిచింది, వంగ మొక్కల్ని వేరుపురుగు తినేసింది, వరి నాటిన పది రోజులకే పసుపు తిరిగింది, యూరియా మాత్రం ఒక్క బస్తా కూడా తగ్గలేదు. "ఇంత పేడ ఇంట్లో పెట్టుకుని బస్తాలు కొనడం ఏమిటి? అసలు పేడ ఎరువుతో పంట పండుతుందా? గ్యాస్ ప్లాంటు పెట్టాలా, వానపాములు పెంచాలా, లేక కాంట్రాక్టరుకు అమ్మేయాలా?" అని అడిగారు.

మాది కృష్ణా జిల్లా. ఇరవై రెండేళ్లుగా గేదెలు మేపుతున్నాను. ఇప్పుడు పద్నాలుగు ఉన్నాయి, కౌలుతో కలిపి ఆరెకరాలు సాగు. మా ఇంట్లో పేడ తీసేది, కుప్ప వేసేది, పొలంలో చల్లించేది నేనే కాబట్టి మీరు చెప్పిన మూడు దెబ్బలూ నేనూ తిన్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పేడ ఎరువుతో పంట పండుతుంది. బస్తాలు కూడా తగ్గుతాయి. అయితే మీరు ఎరువు అనుకుంటున్నది పేడ ఒక్కదాన్నే. మీ షెడ్డులో పుట్టే నత్రజనిలో దాదాపు సగం పేడలో ఉండదు, మూత్రంలో ఉంటుంది. ఆ సగం రోజూ పొద్దున్నే పైపు పెట్టి కడిగినప్పుడు కాలువలోకి పోతోంది. పేడలో ఉన్న దాంట్లో మళ్లీ సగం, కుప్ప ఎండకు ఎండి వానకు తడిసి పోతోంది. పొలానికి చేరేసరికి మిగిలేది పావు వంతు. యూరియా తగ్గకపోవడానికి కారణం అదే.

లెక్క వేసి చూద్దాం. పెద్ద గేదె రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది, మేత దండిగా ఉంటే ఇంకా ఎక్కువ. మీ పదింటికి రోజుకు 200 కిలోలు అనుకోండి. ఏడాదికి 73 టన్నులు. అందులో నూటికి 80 పాళ్లు నీరే. గాడిలో మిగిలిన గడ్డి కూడా కలిపి బాగా చివికించాక చేతికి వచ్చేది సుమారు పాతిక టన్నులు. చివికిన పశువుల ఎరువు టన్నులో దాదాపు 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం, 5 కిలోల పొటాష్ ఉంటాయి. పాతిక టన్నులకు 125 కిలోల నత్రజని. యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, అంటే బస్తాకు 20 కిలోల పైచిలుకు. ఆ లెక్కన మీ ఎరువు ఆరు బస్తాల యూరియా.

కానీ ఇక్కడే చాలామంది పొరబడతారు. పశువుల ఎరువులోని నత్రజని వేసిన ఏడాది పంటకు నూటికి 30 పాళ్లు మాత్రమే అందుతుంది. మిగతాది నేలలో ఉండిపోయి తర్వాతి పంటలకు కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. అంటే మొదటి ఏడాది నాలుగెకరాలకూ కలిపి మీకు దక్కేది రెండు బస్తాల కంటే తక్కువే. పొటాష్ సంగతి వేరు. అందులో మూడొంతులు, అంటే నూటికి 70 పాళ్లకు పైగా, మొదటి ఏడాదే అందుతుంది. అందుకే పేడ ఎరువు సరిగ్గా వేసే రైతు ముందుగా తగ్గించుకోగలిగేది పొటాష్ బస్తా, తర్వాత డీఏపీ (భాస్వరం, కొంత నత్రజని ఉండే బస్తా ఎరువు), ఆఖరున యూరియా. మనం మాత్రం మొదటి ఏడాదే యూరియా ఆపేసి, పైరు పాలిపోగానే పేడ పనికిరాదంటాం.

ఇప్పుడు మూత్రం లెక్క. ఒక గేదె రోజుకు 8 లీటర్లు పోస్తుందని తక్కువే వేద్దాం. పదింటికి 80 లీటర్లు. అందులో నత్రజని ముప్పాతిక నుంచి ఒక శాతం ఉంటుంది, పొటాష్ కూడా బాగానే ఉంటుంది, భాస్వరం మాత్రం దాదాపు ఉండదు. రోజుకు 640 గ్రాముల నత్రజని, ఏడాదికి 230 కిలోలు. పదకొండు బస్తాల యూరియా! పైగా ఇది పేడలోని నత్రజనిలా నిదానంగా పనిచేసేది కాదు. మూత్రంలో ఉండేది కూడా యూరియానే, కొట్లో బస్తాలో దొరికే పదార్థమే. ఎంత జాగ్రత్తపడ్డా సగం గాల్లో కలుస్తుందనుకోండి, అయినా ఐదారు బస్తాలు మీ షెడ్డులోనే ఉన్నాయి.

తెల్లవారుజామున ఐదింటికి పాలు పితకడానికి షెడ్డులోకి వెళ్లగానే కళ్లు మండి, ముక్కుకు ఘాటుగా తగులుతుంది చూశారా, అది అమ్మోనియా. రాత్రంతా నేల మీద నిలిచిన మూత్రంలోని యూరియా పేడలోని సూక్ష్మజీవుల వల్ల అమ్మోనియాగా మారి లేచిపోతోంది. ఆ ఘాటు ఎంత ఉంటే మీ బస్తా అంత ఖాళీ అవుతున్నట్టు. గేదెలకూ అది మంచిది కాదు, దగ్గు పట్టుకుంటుంది.

దీన్ని పట్టుకోవడానికి లక్షలు ఖర్చు పెట్టక్కర్లేదు. రాత్రి పాలు తీశాక గేదెల వెనక కాళ్ల దగ్గర గాడి మిగులు గడ్డి, వరిగడ్డి తుక్కు, రంపపు పొట్టు, ఏది దొరికితే అది ఒక్కో గేదెకు రెండు మూడు కిలోలు పరచండి. ఎండుగడ్డి తన బరువుకు రెండు మూడు రెట్లు తడిని పీల్చుకుంటుంది. గడ్డి లేకపోతే ఎండు మట్టి పరచండి. మా అత్తగారి కాలంలో చెరువు మట్టి ఎండబెట్టి పాకలో పోసేవారు. వారానికోసారి ఆ మట్టి ఎత్తి దిబ్బ మీద వేసేవారు. ఆ దిబ్బ ఎరువు ఎందుకంత బలంగా ఉండేదో నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. పొద్దున్నే ముందు ఈ తడి గడ్డీ పేడా కలిపి ఎత్తేయండి, ఆ తర్వాతే పైపు పెట్టండి. ఎత్తకముందే పైపు పెడితే కాలువకు ఎరువు పెట్టినట్టే.

కడిగిన నీటిని కూడా ఒక తొట్టిలోకి మళ్లించండి. నేల సిమెంటు అయితే అడుగుకు పావు అంగుళం వాలు చాలు. ఆ నీరు నేపియర్‌కు అమృతం. కాకపోతే రోజూ ఒకే చాలులో వదలకండి. ఎకరాన్ని ఏడెనిమిది భాగాలు చేసి వంతులవారీగా, బోరు నీటితో కలిపి పారించండి. కోత కోశాక మొదటి తడిలో ఇస్తే మంచిది, కోతకు ముందు మూడు వారాలు ఇవ్వొద్దు. మొక్క నేల నుంచి తీసుకునే నత్రజని రూపమైన నైట్రేట్ మేతలో పేరుకుంటే గేదెలకు విషం. రక్తం చాక్లెట్ రంగుకు మారి, ఊపిరాడక పడిపోతాయి. ముఖ్యంగా వాన లేక వాడిన జొన్న చొప్పలో ఈ ప్రమాదం ఎక్కువ, అందులో జొన్నకు దాని సొంత విషం కూడా తోడవుతుంది.

ఇక కుప్ప. మీరు ఫొటోలో పెట్టిన కుప్ప రోడ్డు వారన, చెట్టు నీడ కూడా లేకుండా, చుట్టూ నల్లటి నీరు కారుతూ ఉంది. ఆ నల్ల నీరే సారం. పొటాష్ నీళ్లలో కరిగిపోయేది, రెండు పెద్ద వానలు పడితే సగం దిగిపోతుంది.

మీ దగ్గర నేల గట్టిది, భూగర్భ నీరు లోతున ఉంటుంది కాబట్టి గొయ్యి పద్ధతి బాగుంటుంది. ఏడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మీటరు లోతు. పైన అడుగున్నర ఎత్తు వరకు పోస్తే ఒక్కో గొయ్యిలో మీ గేదెల మూడు నెలల పేడ పడుతుంది. అలాంటివి మూడు కావాలి. ఒకటి నిండుతుంటే రెండోది చివుకుతుంది, మూడోదాన్ని పొలానికి తోలతారు. గొయ్యి మొత్తం మీద పల్చగా పోసుకుంటూ పోకండి. ఒక చివర నుంచి మీటరు మీటరుగా నిలువుగా నింపుకుంటూ రండి. చుట్టూ అడుగు ఎత్తు కట్ట వేయండి, వాన నీరు లోపలికి దిగకూడదు. మాది డెల్టా, రెండడుగులు తవ్వితే నీళ్లు వస్తాయి, అందుకని మేము నేల మీదే కుప్ప వేసి పైన తాటాకు పందిరి కడతాం. పాత ఫ్లెక్సీ కప్పినా సరిపోతుంది.

నేను అందరికీ చెప్పేది ఒకటుంది. అన్నం ఎలా వండుతారో ఎరువు కూడా అలాగే. ముందు ఉడకాలి, తర్వాత మూత పెట్టి మగ్గనివ్వాలి. పేడా గడ్డీ కలిపి వదులుగా, తడి సరిపోయేలా పోస్తే మూడో రోజుకే లోపల వేడి పుడుతుంది. ఆ వేడి 55 నుంచి 60 డిగ్రీలకు వెళ్లి కొన్ని రోజులు నిలబడితే కలుపు విత్తనాలు, రోగకారక క్రిములు చాలావరకు చస్తాయి. మీ మడిలో కలుపు అలా ఎందుకు మొలిచిందో చూడండి. గేదె మేసిన గడ్డిలోని గింజలు దాని కడుపులో అన్నీ అరగవు, పేడలో బతికే వస్తాయి. మీరు పచ్చి పేడ తోలి, గింజలకు నీళ్లు పెట్టి, ఎరువు వేసి మొలిపించారు. సర్కారు తుమ్మ కాయలు తినే పశువుల పేడ అయితే ఇంకా ఘోరం, చేనంతా ముళ్ల మొక్కలే.

వేడి చూడటానికి థర్మామీటరు అక్కర్లేదు. ఒక గునపం కుప్ప మధ్యలోకి దించి పది నిమిషాలు ఉంచండి. బయటికి లాగి కొసను పట్టుకుంటే చెయ్యి కాలి వదిలేయాలి. అలా ఉంటే ఉడుకుతున్నట్టు. నేను మొదటిసారి కుప్ప తిరగేసిన రోజు పార దించగానే పొగలాంటి ఆవిరి లేచింది, లోపల గడ్డి పోచల మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర. కుళ్లిపోయిందేమో అనుకుని భయపడ్డాను. అది వేడిలో బతికే సూక్ష్మజీవుల పొర, అది కనిపిస్తే పని బాగా జరుగుతున్నట్టే. గునపం చల్లగా వస్తే తడి ఎక్కువైందన్నా అనుకోవాలి, గడ్డి తక్కువైందన్నా అనుకోవాలి. గుప్పెడు తీసి పిండి చూడండి. వేళ్ల సందుల్లో తడి మెరవాలి, ధార కారకూడదు. వట్టి పేడ అయితే ముద్దకట్టి గాలి ఆడదు. నాలుగు తట్టల పేడకు కనీసం ఒక తట్ట గడ్డి పడాలి.

గొయ్యి నిండిన మూడు వారాలకు ఒకసారి తిరగేయండి. పైనా పక్కలా ఉన్నది మధ్యలోకి వెళ్లాలి, ఎందుకంటే వేడి మధ్యలోనే ఉంటుంది. అంచున ఉన్న గింజ చావదు. ఇంకో వారం పది రోజులు ఉడకనిచ్చి, అప్పుడు పైన మట్టీ పేడా కలిపి రెండంగుళాల మందాన మెత్తేయండి. నాలుగైదు నెలల్లో చివుకుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ముందు గాలితో వేడెక్కించి తర్వాత మూసేసే ఈ పద్ధతిని ఆచార్య అనే శాస్త్రవేత్త 1939లో బెంగళూరులో రూపొందించారు, అందుకే దాన్ని బెంగళూరు పద్ధతి అంటారు. మొదటినుంచీ మూసేస్తే సారం నిలుస్తుంది గానీ గింజలు చావవు. చివరిదాకా తెరిచి తిప్పుతూ ఉంటే గింజలు చస్తాయి గానీ నత్రజని ఎక్కువ పోతుంది. రెండూ కలిస్తేనే మన పని అవుతుంది.

పేడ పోసేటప్పుడు టన్నుకు 20 నుంచి 25 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు పొరల మధ్య చల్లితే అమ్మోనియా ఎగరడం తగ్గుతుంది, మన ఎరువులో తక్కువగా ఉండే భాస్వరమూ భర్తీ అవుతుంది. తర్వాత ఆ మేరకు డీఏపీ తగ్గించుకోవచ్చు. పొయ్యి బూడిద మాత్రం కుప్పలో వేయకండి. మా ఊళ్లో అందరూ వేస్తారు. బూడిద క్షారం, అది తగిలితే అమ్మోనియా ఇంకా త్వరగా లేచిపోతుంది. బూడిద విడిగా దాచి కూరగాయల మొదళ్లలో వేసుకోండి.

వేరుపురుగు గురించి అడిగారు. తొలకరి వానలు పడగానే సాయంత్రం పూట గోధుమ రంగు పెంకు పురుగులు నేలలోంచి లేచి వేప చెట్ల మీద వాలతాయి, ఆకు తిని రాత్రికి కిందికి దిగి గుడ్లు పెడతాయి. సగం చివికిన పేడ కుప్ప వాటికి పుట్టిల్లు. కొబ్బరికి వచ్చే కొమ్ముపురుగు కూడా అక్కడే పెరుగుతుంది. మా గొయ్యి మొదట వేప చెట్టు కిందే ఉండేది, నీడ ఉంటుందని. ఏటా తెల్లటి, లావుపాటి, కొడవలిలా వంగిన పురుగులు తట్టల కొద్దీ వచ్చేవి. గొయ్యి అక్కడి నుంచి మార్చాక చాలా తగ్గింది. కుప్ప తిరగేసేటప్పుడు కోళ్లను వదలండి, ఒక్కటి కూడా మిగల్చవు. అయినా ఉంటే మెటారైజియం అనే శిలీంద్రం పొడి దొరుకుతుంది, చివికిన ఎరువు టన్నుకు ఒకటి రెండు కిలోలు కలిపి, తడి ఆరకుండా నీడలో పది పదిహేను రోజులు ఉంచి తోలండి. అది పురుగుకే రోగం తెస్తుంది. ఎరువు పూర్తిగా చివికితే చెదలు కూడా దరిచేరవు.

వరి పసుపు తిరగడం వేరే కథ. దమ్ము చేసే ముందు రోజు పచ్చి పేడ, గడ్డి తోలారని రాశారు. నేనూ ఒక ఏడాది కూలీలు దొరకడమే ఎక్కువని సంతోషపడి అలాగే చేశాను. నాట్లు వేసిన వారానికి మడిలో అడుగు పెడితే బుడగలు బుడబుడమని లేచాయి, కుళ్లిన గుడ్ల వాసన. మొక్క పీకితే వేళ్లు తెల్లగా ఉండాల్సింది నల్లబడి ఉన్నాయి. నిలవ నీటి కింద గాలి లేక పచ్చి పేడ కుళ్లుతుంటే విషవాయువు పుట్టి వేరును దెబ్బతీస్తుంది. ఇంకోపక్క ఆ గడ్డిని తినే సూక్ష్మజీవులు తమ పోషణకు నేలలో ఉన్న నత్రజనినే లాక్కుంటాయి. పైరు ఆకలితో ఉంటుంది. రెండు రోజులు నీళ్లు తీసి మడి ఆరబెట్టి, మళ్లీ పెట్టి యూరియా చల్లితే తేరుకుంది గానీ పిలకలు తగ్గిపోయాయి. అందుకని వరికి చివికిన ఎరువే, అదీ నాట్లకు రెండు మూడు వారాల ముందు వేసి దున్నాలి.

ఎరువు తోలే పద్ధతి గురించి కూడా చెప్పాలి. మన దగ్గర ఎండాకాలంలో ట్రాలీతో తోలి, చేనంతా చిన్న చిన్న కుప్పలు పోసి, వాన పడేదాకా వదిలేస్తాం. రోడ్డు మీద వెళ్తూ ఏ చేను చూసినా, కుప్ప పోసిన చోట పైరు ముదురు ఆకుపచ్చగా ఏపుగా పెరిగి పడిపోయి ఉంటుంది, కుప్పకూ కుప్పకూ మధ్య పాలిపోయి ఉంటుంది. తోలిన రోజే చల్లి, ఆ రోజే గొర్రుతోనో రోటవేటరుతోనో కలియదున్నండి. ట్రాక్టరు దున్నడానికి వచ్చే రోజు చూసుకునే ఎరువు బయటికి తీయండి.

ఎకరానికి ఎంత వేయాలంటే 4 నుంచి 5 టన్నులు. మీ పాతిక టన్నులు నాలుగెకరాలకూ, కూరగాయల మడికీ సరిగ్గా సరిపోతాయి. ముందు మొక్కజొన్నకు, కూరగాయలకు వేయండి, వాటికే ఫలితం ఎక్కువ కనబడుతుంది.

పేడ ఒక్కదానితోనే పండించవచ్చా అంటే, ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే చోట 1843 నుంచి ఒకే చేలో గోధుమ వేస్తూ, ఒక భాగానికి కేవలం పశువుల ఎరువు మాత్రమే ఇస్తున్నారు. రసాయన ఎరువులు వేసిన భాగాలతో అది దీటుగా పండుతూ వచ్చింది. కానీ ఎంత వేశారు? హెక్టారుకు 35 టన్నులు, అంటే ఎకరానికి 14 టన్నులు, ప్రతి ఏటా. మీ దగ్గర ఉన్నది ఎకరానికి ఆరు టన్నుల పైచిలుకు మాత్రమే. మన జగిత్యాలలో వరి మీద ఏళ్ల తరబడి నడుస్తున్న దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం కూడా ఉంది, దేశంలో ఇలాంటి కేంద్రాలు 1970 నుంచి పనిచేస్తున్నాయి. వీటన్నిటిలో ఎక్కువగా కనిపించేది ఒకటే: సిఫారసు చేసిన ఎరువులతో పాటు పశువుల ఎరువు కూడా వేసిన మడిలోనే దిగుబడి ఏళ్ల తరబడి నిలకడగా ఉంటోంది, నేలలో సేంద్రియ కర్బనం, అంటే చివికిన ఎరువు, వేళ్ల నుంచి నేలలో చేరే సారం, పెరుగుతోంది. వట్టి నత్రజని వేసిన మడి కాలం గడిచేకొద్దీ దిగజారుతోంది. కాబట్టి బస్తాలు మానేయడం ఇప్పుడే పెట్టుకోకండి.

మొదటి ఏడాది పొటాష్ ఆపండి, డీఏపీ సగం చేయండి, యూరియా పావు వంతు తగ్గించండి. కానీ దీనికి ముందు మట్టి పరీక్ష చేయించాలి. మీకు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం దగ్గరే. కాగితంలో సేంద్రియ కర్బనం అర శాతం కంటే తక్కువ ఉంటే నేల బాగా అలసిపోయినట్టు, అప్పుడు యూరియా తగ్గింపు ఇంకా నెమ్మదిగా చేయాలి. పొటాష్ కూడా తక్కువ అని వస్తే పూర్తిగా ఆపకండి. ప్రతి పంటలో ఒక చిన్న మడికి మామూలుగా వేసే బస్తాలన్నీ వేసి పక్కన పెట్టుకోండి. రెండూ కోసి విడివిడిగా తూచండి. పక్క చేను రైతు మాటా, నా మాటా కాదు, మీ మడి తూకం చూసి మరుసటి ఏడాది నిర్ణయం తీసుకోండి. మా వరిలో నాలుగో ఏడాదికి యూరియా సగానికి దిగింది. మొక్కజొన్న ఆకలి ఎక్కువ పంట, ఎకరానికి 80 కిలోల దాకా నత్రజని అడుగుతుంది. అక్కడ నేను ఇప్పటికీ మూడో వంతు కంటే తగ్గించలేకపోయాను.

గ్యాస్ ప్లాంటు పెట్టమనే చెబుతాను, వంటిల్లు షెడ్డుకు దగ్గరగా ఉంటే. రెండు ఘనపు మీటర్ల దీనబంధు రకం గోబర్ గ్యాస్ ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు చాలు, నలుగురైదుగురి వంట అయిపోతుంది. మీ పేడలో పావు వంతే దానికి. చాలామంది గ్యాస్ తీస్తే ఎరువులో బలం పోతుందంటారు. పోదు. గ్యాస్‌గా బయటికొచ్చేది కర్బనం, నత్రజని స్లర్రీలోనే, అంటే గ్యాస్ తీశాక ప్లాంటులోంచి బయటికొచ్చే పేడ నీళ్లలోనే ఉంటుంది, పైగా పైరు త్వరగా తీసుకునే రూపంలోకి కొంత మారుతుంది. పిడకలు చేసి కాలిస్తే మాత్రం కర్బనం, నత్రజని రెండూ పొగే. అయితే ఆ స్లర్రీని ఎండలో ఆరబెట్టి పలకలు చేస్తే త్వరగా అందే ఆ నత్రజనే ఎగిరిపోతుంది. నీటితో కలిపి మేతకు పారించండి, లేదా గోతిలో గడ్డి మీద పోయండి. ఫినాయిలు కడిగిన నీరు, యాంటీబయాటిక్ వేసిన గేదె పేడ ప్లాంటులో వేయకండి, లోపలి సూక్ష్మజీవులు చచ్చి వారాల తరబడి గ్యాస్ రాదు. గుజరాత్‌లో ఆణంద్ జిల్లా జకరియాపురాలో ఇంటింటికీ చిన్న ప్లాంట్లు పెట్టి, మిగిలిన స్లర్రీని ఆడవాళ్ల సహకార సంఘం ద్వారా కొని ఎరువుగా అమ్ముతున్నారు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ నడిపించిన పని అది. మన పాల సంఘాలు కూడా ఇలా మొదలుపెడితే ఎంత బాగుంటుందో అని నాకు ఎప్పటినుంచో ఉంది.

వానపాముల ఎరువు మంచిదే, ఒక బెడ్డు వేసుకుని కూరగాయలకు, నారుమడికి వాడుకోండి. పచ్చి పేడలో పాములు వేస్తే వేడికి చస్తాయి, పదిహేను ఇరవై రోజులు ఆరిన పేడ వేయాలి. పది బర్రెల పేడంతా దానితో చేయాలంటే మనిషి దానికే కావాలి. జీవామృతం (పేడ, మూత్రం నీళ్లలో కలిపి పులియబెట్టేది) చేస్తున్నానని రాశారు, చేయండి, నేల సూక్ష్మజీవులకు అది మేలని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ 200 లీటర్ల డ్రమ్ములో పడేది పది కిలోల పేడ, పది లీటర్ల లోపు మూత్రం. మొత్తం నత్రజని పావు కిలో కూడా ఉండదు. దాన్ని ఎరువు కింద లెక్కపెట్టి బస్తా ఆపితే పైరు మాడుతుంది.

కాంట్రాక్టరుకు అమ్మొద్దు. ట్రాలీకి అతను ఇచ్చేది ఎంతైనా, ఆ పొటాష్, ఆ భాస్వరం మీ పొలంలో పుట్టిన మేతలోంచి వచ్చినవే. నేపియర్ ఏడాదికి ఏడెనిమిది కోతలు కోసి, పేడ అమ్మేస్తే ఆ ఎకరం నాలుగేళ్లలో చచ్చుబడిపోతుంది. యూరియా 266 రూపాయలకు దొరుకుతోంది కాబట్టి మనకు పేడ చవకగా కనిపిస్తోంది, అంతే. మరీ మితిమీరి వేయడం కూడా తప్పే. యూరప్‌లో పశువులు ఎక్కువై పేడ ఎక్కువ పడి, తాగునీటి బావుల్లోకి నైట్రేట్ దిగడంతో 1991లో చట్టమే తెచ్చారు, నైట్రేట్ సమస్య ఉన్న ప్రాంతాల్లో హెక్టారుకు పశువుల ఎరువు ద్వారా 170 కిలోల నత్రజని దాటకూడదని. మీకు నాలుగెకరాలుండగా ఆ భయం లేదు. కానీ దగ్గరగా ఉందని అంతా తీసుకెళ్లి షెడ్డు పక్క మడిలోనే పోయకండి. బావి అక్కడే ఉందని రాశారు కదా.

ఇప్పుడున్న పాత కుప్పను ఏం చేయాలో కూడా అడిగారు. పైన అడుగు మందం ఎండిపోయిన భాగం తీసి కొత్త గోతిలో అడుగున వేయండి, తడిని పీల్చడానికి పనికొస్తుంది. లోపలిది చేత్తో చూడండి. నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసన వస్తే, గడ్డి పోచ లాగితే తెగిపోతుంటే అది చివికినట్టు. అనుమానంగా ఉంటే గుప్పెడు తడిపి పాలిథిన్ కవరులో మూడు రోజులు మూతి కట్టి ఉంచండి. విప్పినప్పుడు మురుగు వాసన కొడితే ఇంకా కాలేదు. ఒక పళ్లెంలో ఆ ఎరువు, ఇంకో పళ్లెంలో మట్టి పోసి ఇరవై చొప్పున పెసలు నాటి మొలకలు కూడా పోల్చి చూడండి, అందులో కలుపు ఎంత మొలుస్తుందో కూడా తెలిసిపోతుంది. సిద్ధంగా ఉన్నదంతా ఈసారి మొక్కజొన్న ఎకరానికి వేసేయండి, కానిది తడిపి, గడ్డి కలిపి గోతిలో మళ్లీ ఉడకబెట్టండి. గునపం పెట్టి చూశాక వేడి పుట్టిందో లేదో ఇక్కడ రాయండి. పుట్టకపోతే కుప్ప లోపలి ఫొటో ఒకటి పెట్టండి, తడి ఎక్కువైందో గడ్డి తక్కువైందో చూసి చెబుతాను.